నాలుగు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడినా మంట తగ్గడం లేదు. ఇది నిజంగా ఇన్ఫెక్షనేనా?

మందారం:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. రాయాలంటే మొహమాటంగానే ఉంది. నన్నెవరూ గుర్తుపట్టరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

నాకు 58. 51వ ఏట నెలసరి ఆగిపోయింది. ఒంట్లో ఆవిర్లు, చెమటలు రెండేళ్లు వేధించి వాటంతటవే పోయాయి. హమ్మయ్య, ఈ గొడవ వదిలింది అనుకున్నాను. ఎనిమిది నెలల నుంచి కొత్త బాధ పట్టుకుంది. మూత్రానికి వెళ్తే మంట. వెళ్లొచ్చి పది నిమిషాలు కూర్చున్నానో లేదో మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. తీరా వెళ్తే నాలుగు చుక్కలు. లోపల ఇంకా ఏదో మిగిలిపోయినట్టు ఉంటుంది. జ్వరం లేదు, నడుం నొప్పి లేదు.

మొదటిసారి పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) కొంచెం ఎక్కువున్నాయని అయిదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. వారం బాగానే ఉంది, మళ్లీ మొదలు. అలా నాలుగు కోర్సులు అయ్యాయి. చివరి రెండుసార్లు కల్చర్ కూడా చేయించాను. రెండింట్లోనూ బాక్టీరియా ఏమీ పెరగలేదని వచ్చింది. అయినా మందు రాసిచ్చారు. కడుపు పాడైంది గానీ మంట పోలేదు.

ఎక్కడికి వెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవడం అలవాటైపోయింది. దూర ప్రయాణాలు మానేశాను. ఇంట్లో కొడుకూ కోడలూ ఏమైందని అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్తున్నాను. ఎవరికైనా ఇలా ఉందా?

నడకరాణి:
మందారం గారూ, ముందుగా మీరు ఒంటరివారు కాదు. నాది కాస్త వేరే రకం. మంట లేదు, లీకు ఉంది. దగ్గినా తుమ్మినా బకెట్ ఎత్తినా తడిసిపోతుంది. అందరికీ నవ్వు ఆపుకోలేని బాధ, నాకేమో నవ్వితే ఆపుకోలేని బాధ! మా వాకింగ్ గుంపులో నేను వేగంగా నడవననీ, రాణీగారి నడకనీ వెక్కిరిస్తారు. అసలు కారణం వాళ్లకు తెలీదు. ఇక్కడి పేరు అలా వచ్చిందే.

ఏడో ఎక్కం:
నీళ్లు తగ్గించండి, అంతే. నేను రోజుకు మూడు గ్లాసులకు దించేశాను. బయటికి వెళ్లే రోజు పొద్దున్నుంచి చుక్క ముట్టను. లోపలికి పోకపోతే బయటికి ఎలా వస్తుంది? దీనికి డాక్టర్లెందుకు?

పాత యూనిఫాం:
ఏడో ఎక్కం గారూ, మీ లెక్క పైకి సరిగ్గానే కనిపిస్తుంది గానీ ఒళ్లు ఎక్కాల పుస్తకం కాదు కదండీ. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం బ్లాడర్ (మూత్రాశయం) లోపలి పొరను ఇంకా రేపుతుంది, అప్పుడు కొంచెం నిండినా వెళ్లాలనిపిస్తుంది. పైగా మలబద్ధకం వస్తుంది. నిండిన పేగు బ్లాడర్ మీద కూర్చుని నొక్కుతుంది. చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వస్తాం. మూత్రం లేత పసుపు రంగులో ఉండేంతగా తాగితే చాలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

మందారం గారూ, నేను 31 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టరును కాను, మిమ్మల్ని చూడనూ లేదు. కానీ మీరు రాసింది చదివితే ఎన్నో ముఖాలు గుర్తొచ్చాయి. కొన్ని అడుగుతాను, ఇష్టమైతేనే చెప్పండి. కింద పొడిబారినట్టు, గీరుకున్నట్టు ఉంటుందా? మూత్రంలో ఎప్పుడైనా రక్తం కనబడిందా? షుగర్ ఉందా, దానికి మందులు వాడుతున్నారా? పొగ అలవాటు ఉందా? కాన్పులు ఎన్ని? బట్టలు తగిలినా ఒరిసినట్టు ఉంటుందా?

మందారం:
అక్కా, పొడిబారడం నాలుగేళ్లుగా ఉంది. వయసు వచ్చింది కదా, అది మామూలే అనుకున్నాను. అది వేరు, ఇది వేరు అనుకుని డాక్టరుకు చెప్పలేదు. ఆయనా అడగలేదు. నూలు బట్ట తగిలినా మంటగా ఉండే రోజులున్నాయి. రక్తం ఎప్పుడూ పడలేదు. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర ఉంది. పొగ లేదు. కాన్పులు రెండు, రెండూ మామూలువే.

పాత యూనిఫాం:
అదే నేను అనుకున్నది. అది వేరు ఇది వేరు కాదమ్మా. రెండూ ఒకే ఇంటి గోడలు.

కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఈస్ట్రోజన్ అంటే నెలసరి, పిల్లలు, ఇంతవరకే అనుకుంటాం. కానీ యోని గోడలు, మూత్రనాళం, బ్లాడర్ అడుగుభాగం కూడా ఆ హార్మోను మీద ఆధారపడి బతికేవే. అది ఉన్నన్నాళ్లూ అక్కడి పొర మందంగా, తడిగా, సాగే గుణంతో ఉంటుంది. ఆ పొరలోని గ్లైకోజన్ అనే పిండిపదార్థం తిని లాక్టోబాసిల్లై అనే మంచి బాక్టీరియా లాక్టిక్ ఆసిడ్ తయారుచేస్తుంది. అందుకే నెలసరి ఉన్న రోజుల్లో అక్కడి పీహెచ్ (ఇది తక్కువైతే ఆమ్లం ఎక్కువని అర్థం) 4.5 లోపే ఉండి చెడు క్రిములను దగ్గరికి రానివ్వదు. హార్మోను తగ్గాక పొర పల్చబడుతుంది, గ్లైకోజన్ తగ్గుతుంది, మంచి బాక్టీరియా పోతుంది, పీహెచ్ 5 దాటుతుంది. మూత్రనాళం ద్వారం పక్కనే ఉంది కాబట్టి దానికీ అదే గతి. పల్చబడ్డ చర్మం మీద మూత్రం పడితే మంట పుట్టదా మరి!

2014లో దీనికి డాక్టర్ల సంఘాలు కొత్త పేరు పెట్టాయి, జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని. అంటే నెలసరి ఆగాక (మెనోపాజ్) యోనికీ మూత్రమార్గానికీ కలిపి వచ్చే ఇబ్బందులు. అంతకుముందు పేరులో యోని ఒక్కటే ఉండేది, మూత్రం మాటే లేదు. పేరులో లేనిది డాక్టరు ప్రశ్నల్లోనూ లేకపోయింది. ఆవిర్లు కొన్నేళ్లకు తగ్గుతాయి, ఇది మాత్రం వదిలేస్తే పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇక పస్ సెల్స్ సంగతి. అవి కనబడగానే ఇన్ఫెక్షన్ అని కాదు. ఒరిసిపోయిన యోని దగ్గరి నుంచి కూడా అవి శాంపిల్‌లో కలుస్తాయి. కల్చర్‌లో ఏమీ పెరగకపోతే యాంటీబయాటిక్ చంపడానికి అక్కడ శత్రువే లేడు. ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి లోపలి పరీక్ష చేయించుకోండి. పొడిబారడం గురించి మొదటి వాక్యంలోనే చెప్పండి.

మూడో రిపోర్టు:
ఇందులో నాదొక మాట. మంటలన్నీ పొడిబారడం వల్లే అని ఎవరూ అనుకోకండి. నాకు నిజంగానే ఇన్ఫెక్షన్లు వచ్చేవి. ఏడాదిలో నాలుగు, ప్రతిసారీ కల్చర్‌లో ఈ.కొలై అనే బాక్టీరియా. ఆరు నెలల్లో రెండుగానీ, ఏడాదిలో మూడుగానీ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటారని మా యూరాలజిస్టు (మూత్రవ్యాధుల డాక్టరు) చెప్పారు. అప్పుడు స్కాన్ తీసి, మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో కూడా కొలిచారు.

వింతేమిటంటే ఆయన కూడా చివరికి యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజన్ క్రీమే రాశారు. ఇన్ఫెక్షన్‌కు హార్మోను ఏంటండీ అని అడిగితే 1993 నాటి ప్రయోగం చెప్పారు. మెనోపాజ్ దాటి, పదేపదే ఇన్ఫెక్షన్లు వచ్చే 93 మంది మీద చేశారు. ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజన్) క్రీమ్ వాడినవాళ్లకు ఏడాదికి సగటున 0.5 సార్లు, ఉత్త క్రీమ్ వాడినవాళ్లకు 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందట. మంచి బాక్టీరియా తిరిగొస్తే చెడ్డది దానంతటదే తప్పుకుంటుంది.

దాంతోపాటు మెథెనమీన్ అనే మాత్ర ఇచ్చారు. ఇది యాంటీబయాటిక్ కాదు. మూత్రంలో క్రిములను చంపే పదార్థంగా మారుతుంది. రోజూ తక్కువ డోసు యాంటీబయాటిక్ తీసుకోవడానికి ఇది ఏమీ తీసిపోదని 2022లో ఒక పెద్ద ట్రయల్‌లో తేలింది. నాకు ఏడాదిన్నరలో ఒక్కసారే వచ్చింది.

ఇంకోటి, శాంపిల్ పట్టే పద్ధతి. నేను మొదటి రెండుసార్లు తప్పు పట్టాను, రిపోర్టులో రెండు మూడు రకాల క్రిములు కలగలిసి వచ్చాయి. ముందు కొంచెం వదిలేసి, మధ్యధార మాత్రమే డబ్బాలో పట్టాలి. మందు మొదలుపెట్టకముందే పట్టాలి. రెండు మాత్రలు వేసుకుని కల్చర్‌కు ఇస్తే ఏమి తెలుస్తుంది, బూడిద!

ఏడో ఎక్కం:
అందరూ హార్మోన్ హార్మోన్ అంటున్నారు. మా బంధువు ఒకావిడ ఆ మందులు వాడి భయపడి మానేసింది. దేవుడు ఆపేసినదాన్ని మళ్లీ పెట్టుకోవడం దేనికి?

నడకరాణి:
దేవుడు చూపు కూడా మందగింపజేశాడు, కళ్లజోడు తీసేసి ఈ మాటలు చదువుతున్నారా వదినా?

చిన్నకూతురు:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మకు 74. రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది. పోయిన నెల చీకట్లో బాత్రూమ్ గుమ్మం దగ్గర పడింది, దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. మామూలు చెకప్‌లో మూత్రంలో బాక్టీరియా ఉందన్నారు. అమ్మకేమో మంట లేదు, జ్వరం లేదు. యాంటీబయాటిక్ వాడాలా వద్దా? పగలు అంతగా వెళ్లదు, రాత్రే ఈ గోలంతా. సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంది. షుగర్‌కు కొత్తగా డపాగ్లిఫ్లోజిన్ ఇచ్చారు.

పాత యూనిఫాం:
తల్లీ, నీ పోస్టులో జవాబు సగం నువ్వే రాసేశావు.

మొదటిది, మంటా జ్వరమూ ఏమీ లేకుండా బాక్టీరియా మాత్రమే కనబడితే పెద్దవయసు ఆడవాళ్లలో మందు అక్కర్లేదు. గర్భిణులకు, మూత్రాశయంలో ఏదైనా ప్రొసీజర్ చేయబోయే వాళ్లకు తప్ప దానికి యాంటీబయాటిక్ ఇవ్వకూడదనేదే వైద్యుల మార్గదర్శకం. ఇస్తే క్రిములు మందుకు మొండికేయడం తప్ప లాభం లేదు.

రెండోది, కాళ్ల వాపు. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే మళ్లీ రక్తంలోకి చేరుతుంది, కిడ్నీలు దాన్ని రాత్రంతా వడకడతాయి. అంటే బ్లాడర్ తప్పు కాదు, నీరు వచ్చే టైమే తప్పు. ఆమ్లోడిపిన్ వల్ల కాళ్ల వాపు రావడం చాలామందిలో చూశాను. డాక్టరుతో మాట్లాడండి, మీరుగా మాత్ర ఆపకండి. మధ్యాహ్నం ఒక గంటసేపు కాళ్లు ఎత్తుమీద పెట్టుకుని పడుకుంటే ఆ నీరు పగలే దిగిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్ పనే షుగర్‌ను మూత్రంలో బయటికి పంపడం. దాంతోపాటు నీరూ పోతుంది, కింద ఫంగస్ దురద కూడా రావచ్చు. అమ్మకు దురద ఉందేమో అడుగు. పెద్దగా గురక పెడుతుందా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బున్నా రాత్రి మూత్రం ఎక్కువవుతుంది.

ఇవన్నీ తేలేదాకా ముందు గుమ్మం దగ్గర చిన్న లైటు పెట్టు. మంచం పక్కన కమోడ్ కుర్చీ వేయి. ఈ వయసులో మూత్రం కంటే పడిపోవడం పెద్ద ప్రమాదం.

చిన్నకూతురు:
గురకా? మా ఇంటి గోడలు వణుకుతాయి అత్తయ్యా. దాన్ని దీనితో ఎవరూ ముడిపెట్టలేదు.

మందారం:
ఆడవాళ్ల డాక్టరుకు చూపించుకుని వచ్చాను. పాత యూనిఫాం అక్క చెప్పినట్టే మొదటి వాక్యంలో చెప్పేశాను. చెప్తుంటే గొంతు వణికింది. ఆవిడ చాలా మామూలుగా, కాలు బెణికిందంటే విన్నట్టు విన్నారు. చూసి, పొర బాగా పల్చబడింది, ఎర్రగా ఉంది, తెల్లమచ్చల్లాంటివి లేవు అన్నారు. ఈస్ట్రోజన్ క్రీమ్ రాశారు. రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు.

ఇంటికొచ్చి డబ్బాలోని కాగితం చదివాను. చదవకుండా ఉండాల్సింది. రొమ్ము క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు. ట్యూబు మూత తీయకుండా మూడు రోజులుగా అల్మారాలో పెట్టాను.

మూడో రిపోర్టు:
నేనూ పది రోజులు అల్మారాలోనే పెట్టాను! ఆ కాగితంలోని భయం ఎక్కడిదంటే, 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ప్రయోగంలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. అందులో వాడింది నోటితో మింగే మాత్రలు, ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోను కూడా కలిపినవి. అప్పుడు కనబడిన అదనపు రొమ్ము క్యాన్సర్లు ఏడాదికి 10,000 మందిలో 8. ఆ హెచ్చరికనే తర్వాత ఈస్ట్రోజన్ ఉన్న ప్రతి మందుకీ అంటించారు, యోనిలో పెట్టుకునే చిన్న డోసులకు కూడా.

నేను లెక్కల మనిషిని, కాగితం పెన్నూ తీశాను. యోనిలో పెట్టుకునే బిళ్లలో ఒకటి 10 మైక్రోగ్రాములు ఉంటుంది. మొదటి రెండు వారాలకు 14, మిగతా 50 వారాలకు 100, మొత్తం 114 బిళ్లలు. ఏడాదంతా కలిపితే 1.14 మిల్లీగ్రాములు. నోటి మాత్ర ఒక్కటి మామూలుగా 1 మిల్లీగ్రాము, అది రోజుకొకటి. ఈ లెక్క వేశాకే నాకు నిద్ర పట్టింది. క్రీముల్లో డోసు రకాన్నిబట్టి మారుతుంది, రాసిన కొలతకంటే ఎక్కువ పెట్టుకోకండి.

రెండో వసంతం:
నేను రొమ్ము క్యాన్సర్ చికిత్స అయినదాన్ని. నా కథ వేరు కాబట్టి చెప్తున్నాను. నేను వేసుకునేవి ఆరోమటేజ్ ఇన్హిబిటర్ మాత్రలు, అవి ఒంట్లో ఇంకా తయారయ్యే ఆ కాస్త ఈస్ట్రోజన్‌నూ తయారు కానివ్వవు. పొడిబారడం మీకంటే రెండింతలు. నాలాంటివాళ్లు క్యాన్సర్ డాక్టరును అడగకుండా ఈ క్రీమ్ ముట్టుకోకూడదు. ముందు హార్మోను లేని దారులు చూస్తారు.

నాకు పనిచేసినవి చెప్తాను. వారానికి రెండు మూడుసార్లు పెట్టుకునే యోని మాయిశ్చరైజర్, అది తడిని పట్టి ఉంచుతుంది. కలయిక సమయంలో వాడే లూబ్రికెంట్ వేరు, రెండూ ఒకటి కావు, నేను ఏడాదిపాటు రెండోదే వాడి పనిచేయడం లేదని తిట్టుకున్నాను. కింద సబ్బు పూర్తిగా మానేశాను, మామూలు నీళ్లు చాలు. లోపల కడగడం, సువాసన ద్రవాలు అసలే వద్దు. వాసన కోసం వాటితో కడిగితే ఉన్న కాస్త మంచి బాక్టీరియా కూడా పోతుంది. పూర్తిగా తగ్గిందని అనను. కూర్చోగలుగుతున్నాను, నిద్రపోతున్నాను.

పాత యూనిఫాం:
రెండో వసంతం గారూ, చాలా మంచి విషయం చెప్పారు. మందారం గారూ, మీకు క్యాన్సర్ చరిత్ర లేదు, డాక్టరు చూసి రాశారు. మొదటి వారం క్రీమ్ పెట్టగానే కాస్త చురుక్కుమనవచ్చు, పుండుమీద ఏది పడినా అంతే కదా. దానికి భయపడి మానకండి. రెండు మూడు వారాల్లో తేడా మొదలై, పూర్తి ఫలితం రావడానికి మూడు నెలలు పడుతుంది. వాడేటప్పుడు రక్తం కనబడితే మాత్రం వెంటనే చూపించుకోవాలి. అసలు నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం పడినా, అది యోని నుంచైనా మూత్రంలోనైనా, నొప్పి లేకపోయినా, పరీక్ష చేయించాల్సిందే.

కండరాల టీచరు:
ఫిజియోథెరపిస్టును, పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు) మీదే పనిచేస్తాను. ఆలస్యంగా చూశాను. నడకరాణి గారిని అందరూ మరిచిపోయినట్టున్నారు!

దగ్గితే, తుమ్మితే లీకవడాన్ని స్ట్రెస్ లీక్ అంటారు. స్ట్రెస్ అంటే ఇక్కడ టెన్షన్ కాదు, ఒత్తిడి. బ్లాడర్‌ను కింది నుంచి ఊయలలా మోసే కండరాలు బలహీనపడడం దీనికి ముఖ్య కారణం. దానికి వ్యాయామమే మొదటి మందు. ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు 1948లో దీని గురించి రాశారు, అందుకే ఈ వ్యాయామాలను కెగెల్స్ అంటారు. అపానవాయువు ఆపుకునేటప్పుడు ఏ కండరం పైకి లాగుతామో అదే ఇది. పొట్ట, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. బిగించి కొన్ని సెకన్లు ఆపి, అంతే సేపు పూర్తిగా వదలాలి. ఒక విడతకు కనీసం 8, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు. చాలామంది మూడు వారాలకే పనిచేయలేదని మానేస్తారు. ఇంకొందరు మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేస్తారు, అది వద్దు, మూత్రం లోపల మిగిలిపోయే అలవాటు పడుతుంది.

ఒక చిన్న కిటుకు ఈ రోజే మొదలుపెట్టండి. తుమ్ము వస్తోందనగానే, బకెట్ ఎత్తబోయే ముందే, ఆ కండరాన్ని ఒకసారి బిగించి పట్టండి. తలుపు గాలికి కొట్టుకోకముందే గడియ వేసినట్టు. బరువు ఎక్కువుంటే కొంచెం తగ్గినా ఫలితం కనిపిస్తుంది. 2009లో వచ్చిన ప్రయోగంలో ఒంటి బరువులో 8 శాతం తగ్గినవాళ్లకు లీకులు దాదాపు సగం తగ్గాయి.

మందారం గారికి మాత్రం వేరే మాట. మంట, ఇంకా మిగిలిందన్న భావన ఉన్నవాళ్లలో కొందరికి ఈ కండరాలు బలహీనంగా కాదు, ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. నెలల తరబడి నొప్పికి భయపడి లోపలికి ముడుచుకుంటాం కదా. వాళ్లు చూపించుకోకుండా కెగెల్స్ చేస్తే బాధ పెరుగుతుంది. ముందు వదలడం నేర్చుకోవాలి. కాళ్లు నేలకు ఆనించి, హాయిగా కూర్చుని, ముక్కకుండా పోయండి. అయిపోయాక కాస్త ఆగి, ముందుకు వంగి మళ్లీ ప్రయత్నించండి.

మందారం:
ఇప్పటిదాకా సీటు మీద కూర్చోకుండా గాల్లో వంగి పోస్తున్నాను, బయటి బాత్రూముల భయానికి. అదీ తప్పేనా?

కండరాల టీచరు:
అదే మరి! తొడలు వణుకుతుంటే లోపలి కండరం ఎలా వదులుతుంది? సీటు తుడుచుకుని కూర్చోండి. మూత్రం ఇన్ఫెక్షన్ సీటు నుంచి రాదు, చాలావరకు మన పేగుల్లోని బాక్టీరియానే అటునుంచి ఇటు వస్తుంది. అందుకే తుడుచుకునేది ముందు నుంచి వెనక్కి.

ఇంకోటి. ఎందుకైనా మంచిదని ప్రతిసారీ ముందే వెళ్లి పోయడం మానేయండి. 300, 400 మిల్లీలీటర్లు పట్టే బ్లాడర్‌కు 80కే గంట కొట్టడం మనమే నేర్పుతున్నాం. మూడు రోజులు డైరీ రాయండి. ఏమి తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత పోశారు, లీకైందా. తర్వాత రెండుసార్లు వెళ్లడం మధ్య పది పదిహేను నిమిషాలు పెంచుతూ పోవాలి. తొందర వచ్చినప్పుడు పరిగెత్తకండి. కదలకుండా ఆగి, వీలైతే కూర్చుని, మనసు వేరేదాని మీద పెట్టండి. ఆ తొందర అలలాంటిది, లేచి పడిపోతుంది. పడ్డాక నిదానంగా నడిచి వెళ్లండి. ఇది కనీసం ఆరు వారాల పని.

ఇంటాయన:
నేను మగవాడిని, మా ఆవిడ తరఫున అడుగుతున్నాను. తను ఇక్కడ రాయనంది. సాయంత్రానికి కింద ఏదో బంతిలా జారినట్టు ఉంటుందట, పడుకుంటే పోతుందట. మూత్రం మొదలవడానికి చాలాసేపు పడుతోంది. క్యాన్సరేమోనని ఏడుస్తోంది.

పాత యూనిఫాం:
అన్నయ్యగారూ, మీరు అడిగినందుకే సగం బరువు దిగింది ఆవిడకు. మీరు చెప్పిన తీరు బ్లాడర్ కిందికి జారి యోని గోడను తోసినప్పుడు ఉండేదే. కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి ముక్కడం దీనికి కారణాలు. లోపలి పరీక్ష చేస్తే అక్కడే తెలిసిపోతుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. పెసరీ అని సిలికాన్ రింగు ఉంటుంది, లోపల పెడితే జారినదాన్ని ఆపుతుంది. మూత్రం అసలు రాకుండా పొత్తికడుపు ఉబ్బితే మాత్రం ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చలిజ్వరంతో పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అంతే.

నడకరాణి:
నాకు తొందరగా వచ్చే రకం కూడా కొంచెం మొదలైంది. తాళం చెవి తలుపులో పెట్టగానే ఇక ఆగదు. దానికి మాత్రలున్నాయంటున్నారు?

పాత యూనిఫాం:
ఉన్నాయి, శిక్షణ సరిపోకపోతే ఇస్తారు. ఆక్సిబ్యూటినిన్, సోలిఫెనసిన్ లాంటివి నోరు ఎండబెడతాయి, మలబద్ధకం తెస్తాయి, పెద్దవయసులో మతిమరుపు, అయోమయం పెంచవచ్చు. కంటి గ్లకోమాలో ఒక రకం ఉన్నవాళ్లకు పనికిరావు. మిరాబెగ్రాన్ వేరే దారిలో పనిచేస్తుంది, దానికి బీపీ చూసుకుంటూ ఉండాలి. ఒకటి పడకపోతే ఇంకొకటి ఉంటుంది. కాఫీ, టీలు ఎక్కువైతే ముందు అవి తగ్గించి చూడండి, ఒక్కరోజులో కాదు, మెల్లగా. ఉన్నట్టుండి ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది.

మందారం (పదకొండు వారాల తర్వాత):
చెప్పి వెళ్లకపోతే బాగుండదని వచ్చాను. ట్యూబు మూత తీశాను. మొదటి నాలుగు రోజులు చురుక్కుమంది, అక్క ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. మూడో వారంలో ఒకరోజు సాయంత్రం గుర్తొచ్చింది, పొద్దున్నుంచి మంట గురించి ఆలోచించలేదని. డైరీ మొదటి పేజీలో 17 సార్లు అని ఉంది. ఇప్పుడు 9. కొన్ని రోజులు 11. పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఏదైనా టెన్షన్ ఉన్న రోజు, నిద్ర లేని రోజు మళ్లీ గీరుకున్నట్టు ఉంటుంది. ఫిజియో దగ్గర నాలుగుసార్లు కూర్చున్నాను, నా కండరాలు గట్టిగా బిగుసుకుపోయాయట, ఇప్పుడు వదలడమే నేర్చుకుంటున్నాను. ఈ మూడు నెలల్లో యాంటీబయాటిక్ ఒక్కటీ ముట్టలేదు.

పోయిన వారం నాలుగు గంటల ప్రయాణం చేశాను, మధ్యలో ఒక్కసారే దిగాను. కోడలికి అసలు సంగతి చెప్పాను. తను కాసేపు మాట్లాడకుండా ఉండి, మోకాళ్లకు కొన్న ఆ నూనె సీసాలన్నీ ఏం చేయాలి అత్తయ్యా అంది.

చిన్నకూతురు:
మా అమ్మకు నిద్ర పరీక్ష చేశారు, ఊపిరి ఆగే జబ్బే. మాస్కు పెట్టుకుంటోంది, తిట్టుకుంటూ. బీపీ మాత్ర మార్చారు, కాళ్ల వాపు చాలా తగ్గింది. ఇప్పుడు రాత్రి రెండుసార్లే.

ఇంటాయన:
రింగు పెట్టారు. క్యాన్సర్ కాదు. తనే రాయమంది.

పాత యూనిఫాం:
మందారం చెల్లీ, బాగయింది కదా అని క్రీమ్ ఆపేయకండి. చాలామంది అక్కడే తప్పు చేస్తారు. ఆపితే కొన్ని వారాల్లో పొర మళ్లీ పల్చబడుతుంది. వారానికి రెండుసార్లు సాగనివ్వండి, ఏడాదికోసారి డాక్టరుకు కనబడండి.

ఏడో ఎక్కం:
నీళ్లు ఆరు గ్లాసులకు పెంచాను, ఊరికే, చూద్దామని. ఆ డైరీలో ఎంత పోశామో కొలవాలన్నారు కదా, దానికి వంటింట్లో కొలగ్లాసు వాడితే ఇంట్లో ఊరుకోరు. మీరంతా దేంతో కొలిచారు?

మూడో రిపోర్టు:
గీతలున్న ప్లాస్టిక్ మగ్గు విడిగా ఒకటి పెట్టుకోండి వదినా. దానిమీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. నేను రాయలేదు, మావారు దాంతో మొక్కలకు నీళ్లు పోశారు.